మన వీధి - మన మునిసిపాలిటీ

మార్కాపురం పేరు చెప్పగానే పలక గుర్తుకొస్తుంది. ఈ ప్రాంతపు నేల కింద పలకరాయి ఉంది. ఆ రాయిని తవ్వారు. కోశారు. నున్నగా చేసి పలకలు తయారుచేశారు. ఎన్నో ఊళ్ళ పిల్లలు ఆ పలకల మీదే అ, ఆ లు దిద్దారు. కాని పలకలు చేసిన చేతుల్లో చాలా చేతులకు రాత రాలేదు.

ఇప్పుడు ఆ చేతులు కూడా రాస్తున్నాయి. మరి ఈ చదువు దేనికి పనికొస్తుంది? బస్సు బోర్డు చదవడానికి పనికొస్తుంది. కూలి లెక్క చూసుకోడానికి పనికొస్తుంది. ఇంకొక పనికి కూడా వస్తుంది. మన ఊరి పాలనలో మన మాట చెప్పడానికి పనికొస్తుంది. ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

కుళాయి దగ్గర మాటలు

ఒక వీధి ఉందనుకుందాం. అది మార్కాపురంలో కావచ్చు. గిద్దలూరులో కావచ్చు. ఎండాకాలం. కుళాయిలో నీళ్ళు రావడం లేదు. బోరు నీళ్ళు తాగుదామంటే భయం. ఈ ప్రాంతంలో చాలాచోట్ల భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి. కీళ్ళు పట్టేస్తాయి. అందుకని అందరూ ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు. బిందెలు వరసలో పెట్టి కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది.

“నిన్న కూడా ట్యాంకరు రాలేదు. నేను పనికి పోయి రెండు రోజులైంది వదినా” అంది పలకల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి.

“పక్క వీధికి వచ్చిందంట. మన వీధికి ఎందుకు రాలా?” అంది వదిన.

“ఆ వీధిలో పెద్దోళ్ళు ఉన్నారు. మన మాట ఎవరు వింటారే?” అంది అవ్వ.

“వినాల్సింది ఎవరో తెలిస్తే కదా అవ్వా చెప్పేది! ఎవరిని అడగాల? ఏమని అడగాల? ముందు అది తెలుసుకుందాం” అంది ఆ అమ్మాయి.

అమ్మాయి మాటలో నిజం ఉంది. అడగందే అమ్మైనా పెట్టదు. కాని ఎవరిని అడగాలో తెలిసి అడగాలి.

మునిసిపాలిటీ అంటే ఎవరు?

పల్లెకు పంచాయతీ ఉంటుంది. చిన్న పట్టణానికి నగర పంచాయతీ ఉంటుంది. అంతకంటే పెద్ద పట్టణానికి మునిసిపాలిటీ ఉంటుంది. దాన్నే పురపాలక సంఘం అంటారు.

పట్టణాన్ని వార్డులుగా విడగొడతారు. ఒక్కో వార్డు నుంచి ఒక కౌన్సిలరును జనం ఓటు వేసి ఎన్నుకుంటారు. 2021 మార్చి 10న మార్కాపురం మునిసిపాలిటీకి, గిద్దలూరు, కనిగిరి నగర పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. అప్పుడు మార్కాపురంలో 35 వార్డులు. గిద్దలూరులో 20 వార్డులు.

కౌన్సిలర్లందరూ కలిస్తే కౌన్సిల్. కౌన్సిలర్లు తమలో ఒకరిని ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. కౌన్సిల్ కాలం 5 ఏళ్ళు. కాలం తీరిపోయి, ఎన్నికలు ఇంకా జరగకపోతే ప్రభుత్వం ప్రత్యేక అధికారిని పెడుతుంది. అప్పుడు కౌన్సిలరు ఉండరు కాని ఆఫీసు ఉంటుంది. అర్జీ ఇచ్చే హక్కు ఎక్కడికీ పోదు.

కమిషనర్ గారు ప్రభుత్వం వేసిన ఉద్యోగి. ఏ పని చెయ్యాలో కౌన్సిల్ తీర్మానం చేస్తుంది. ఆ పని చేయించేది కమిషనర్. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. దీపం వెలగకపోతే, చెత్త తీయకపోతే ఆఫీసును అడగాలి. కొత్త కాలువ కావాలంటే, కొత్త పైపులైను కావాలంటే కౌన్సిలరును కూడా అడగాలి. ఎందుకంటే కొత్త పనికి తీర్మానం కావాలి. డబ్బు కావాలి.

డబ్బు ఎవరిది?

“వాళ్ళు దయ తలిస్తే నీళ్ళు ఇస్తారు” అని కొందరు అనుకుంటారు. అది తప్పు. మునిసిపాలిటీ ఖర్చుపెట్టే డబ్బు జనం డబ్బే. మనం ఇంటి పన్ను కడతాం. ఏడాదికి రెండు విడతలు. ఒక విడత ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. రెండో విడత అక్టోబరు నుంచి మార్చి వరకు. కుళాయి ఉంటే నీటి పన్ను కడతాం. రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వం కూడా నిధులు ఇస్తాయి. అవి కూడా మన పన్నులే. అద్దె ఇంట్లో ఉన్నామె కూడా సబ్బు కొన్నప్పుడు పన్ను కడుతూనే ఉంది.

రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు. అది 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణ పాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలను అందులో రాశారు. నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పేదల వాడల బాగు, శ్మశానాలు అందులో ఉన్నాయి. కాబట్టి నీళ్ళు అడగడం బిచ్చం అడగడం కాదు.

అర్జీ రాద్దాం

నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట ఫైలులో ఉంటుంది. అందుకే అర్జీ రాయాలి. అర్జీ పెద్దగా ఉండనక్కరలేదు. నాలుగు సంగతులు ఉంటే చాలు. ఎక్కడ? ఎప్పటి నుంచి? ఏం ఇబ్బంది? ఏం కావాలి?

ఆ వీధి ఆడవాళ్ళు ముందు ఒక పని చేశారు. అమ్మాయి ఒక నోటు పుస్తకం పెట్టింది. ట్యాంకరు వచ్చిన తేదీ రాసింది. రాని తేదీ కూడా రాసింది. ఇళ్ళు లెక్కపెట్టింది. పది రోజుల తర్వాత ఇట్లా అర్జీ రాశారు:

తేదీ: ...............
కమిషనర్ గారికి, పురపాలక సంఘం, మార్కాపురం.
విషయం: మా వీధికి తాగునీటి ట్యాంకరు గురించి.
అయ్యా,
మేము ...... వార్డు, ............ వీధిలో ఉంటున్నాము. మా వీధిలో 60 ఇళ్ళు ఉన్నాయి. గడిచిన 10 రోజుల్లో ట్యాంకరు 2 సార్లే వచ్చింది. వచ్చిన తేదీలు కింద రాశాము. నీళ్ళ కోసం కాచుకుని కూలి పోగొట్టుకుంటున్నాము. కాబట్టి,
1. రోజు విడిచి రోజు ట్యాంకరు పంపగలరు.
2. ట్యాంకరు వచ్చే వేళ ముందుగా తెలపగలరు.
3. మా వీధికి పైపులైను వేయించగలరు.
ఇట్లు, వీధి మహిళలు. (సంతకాలు)

“నేను వేలిముద్ర వేస్తా” అంది అవ్వ.

“వద్దవ్వా. మెల్లగా రాయి. మేము ఆగుతాం” అంది వదిన.

అవ్వ మెల్లగా తన పేరు రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయినా పేరు చదవడానికి వస్తోంది. అంతే కావాలి.

ఎక్కడ ఇవ్వాలి?

మొదట వార్డు సచివాలయంలో ఇవ్వవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. అక్కడ ఒక్కో పనికి ఒక్కో ఉద్యోగి ఉంటారు. నీళ్ళు, దీపాలు, రోడ్ల సంగతి ఒకరు చూస్తారు. చెత్త, కాలువల సంగతి ఒకరు చూస్తారు. పెన్షన్లు, పథకాల సంగతి ఒకరు చూస్తారు. అక్కడ పని కాకపోతే మునిసిపల్ ఆఫీసుకు పోవాలి. అక్కడా కాకపోతే సోమవారం నాడు కలెక్టరు గారి అర్జీల కార్యక్రమానికి పోవచ్చు.

మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, అర్జీకి నకలు ఉంచుకోవాలి. రెండు, రసీదు అడిగి తీసుకోవాలి. మూడు, ఒక్కరే పోకుండా నలుగురైదుగురు కలిసి పోవాలి. రసీదు లేని అర్జీ బావిలో వేసిన రాయి.

అర్జీకి జవాబు రాకపోతే? అప్పుడు సమాచార హక్కు చట్టం ఉంది. అది 2005 అక్టోబరు 12 నుంచి అమలులో ఉంది. “మా వార్డుకు ఈ నెలలో ఎన్ని ట్యాంకర్లు పంపారు? ఏ వీధికి ఎన్ని? ఎంత ఖర్చు రాశారు?” అని రాసి అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరికపు గీత కింద ఉన్నవారికి ఫీజు లేదు. కార్డు నకలు జతచేస్తే చాలు. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

కౌన్సిల్ సమావేశం

కౌన్సిల్ సాధారణంగా నెలకొకసారి సమావేశం అవుతుంది. ఏయే సంగతులు మాట్లాడాలో ముందే కాగితం మీద రాస్తారు. దాన్ని అజెండా అంటారు. మన సంగతి అజెండాలో ఉండాలంటే సమావేశానికి చాలా ముందే కౌన్సిలరును కలవాలి. అర్జీ నకలు చేతికి ఇవ్వాలి. సమావేశం రోజు పోయి చెబితే ఆలస్యం అవుతుంది.

సమావేశం చూడడానికి సాధారణంగా జనం కూడా పోవచ్చు. మధ్యలో లేచి మాట్లాడకూడదు. వినవచ్చు. రాసుకోవచ్చు. మన వార్డు పేరు వచ్చిందా? మన కౌన్సిలరు నోరు తెరిచారా? ఏం తీర్మానం అయింది? మన కళ్ళతో చూస్తే మనకే తెలుస్తుంది. ఓట్లు అడగడానికి మళ్ళీ వచ్చినప్పుడు ఈ సంగతులే మనం అడగాలి.

బడ్జెట్టు కాలం కూడా తెలుసుకోవాలి. బడ్జెట్టు అంటే వచ్చే ఏడాది రాబడి, ఖర్చుల లెక్క. మునిసిపాలిటీ ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది. కాబట్టి పైపులైను లాంటి పెద్ద పనులు సంక్రాంతి లోపలే అడగడం మంచిది. డబ్బు పంచిన తర్వాత అడిగితే “వచ్చే ఏడాది చూద్దాం” అంటారు.

ఆ వీధి సంగతి ఏమైంది? ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేట్టు రాసుకున్నారు. వచ్చే వేళ సచివాలయం బోర్డు మీద పెట్టారు. పైపులైను మాత్రం ఇంకా రాలేదు. “మూడు అడిగితే రెండు వచ్చినాయి. మూడోదానికి మళ్ళీ రాద్దాం” అంది వదిన. నోటు పుస్తకం ఆపలేదు.

ఒక్కరు కాదు, పదిమంది

ఒక్కామె పోతే “తర్వాత రా అమ్మా” అంటారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు. పట్టణాల్లో డ్వాక్రా సంఘాలు మెప్మా కింద ఉన్నాయి. సంఘాలు కలిసి సమాఖ్యలు అయ్యాయి. సంఘం మీటింగులో అప్పుల లెక్క అయిపోయాక ఒక పావుగంట వీధి సంగతి మాట్లాడుకోవచ్చు. తీర్మానం పుస్తకంలో రాసుకోవచ్చు.

రోడ్డు పక్కన పూలు, కూరగాయలు, ఇడ్లీలు అమ్మే ఆడవాళ్ళకు ఇంకొక దారి ఉంది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం పట్టణంలో ఒక కమిటీ ఉండాలి. అందులో 100కు 40 మందికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పడంలో ఆ కమిటీకి మాట ఉంది.

చదువుకున్న ఆడవాళ్ళు కలిస్తే ఏమవుతుందో మన పక్క జిల్లా నెల్లూరు చూపించింది. అక్కడి దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువుకున్నారు. పాఠంలో సారా సంగతి వచ్చింది. వాళ్ళు మాట్లాడుకున్నారు. ఊళ్ళో సారా అంగడి మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. అదంతా ఒక పాఠం చదివి మాట్లాడుకోవడంతో మొదలైంది.

కుర్చీ కూడా మనదే

74వ సవరణ పట్టణ పాలక సంఘాల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు ఇచ్చింది. తర్వాత మన రాష్ట్రంలో దాన్ని సగానికి పెంచారు. అంటే సగం వార్డుల్లో కౌన్సిలరు ఆడమనిషే. కాని కొన్నిచోట్ల పేరు ఆమెది, పెత్తనం ఆయనది. సంతకం ఆమె పెడుతుంది. మాట ఆయన చెబుతాడు. అట్లా కాకూడదు. మనం అర్జీ ఇచ్చేటప్పుడు ఆమె చేతికే ఇవ్వాలి. “అమ్మా, నువ్వే చెప్పు” అని అడగాలి. మనం అడిగితే ఆమెకు కూడా ధైర్యం వస్తుంది.

మనం కూడా కొన్ని పనులు చెయ్యాలి. 18 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరి పేరు ఓటర్ల జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. పన్ను కట్టి రసీదు దాచుకోవాలి. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వాలి. చెత్త కాలువలో పోసి, దోమలు వచ్చాయని అర్జీ పెడితే ఆ మాటకు బలం ఉండదు.

పల్లెల్లో ఉన్నవారికి గ్రామసభ ఉంది. అక్కడ ఓటరు ప్రతి ఒక్కరూ కూర్చోవచ్చు. మాట్లాడవచ్చు. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. సభకు పోతే చివర వరసలో కూర్చోవద్దు. ముందు వరసలో కూర్చోండి.

మాటలు - అర్థాలు

తీర్మానం = సభలో అందరూ కలిసి చేసిన నిర్ణయం
అజెండా = సభలో మాట్లాడాల్సిన సంగతుల పట్టిక
నకలు = కాపీ, జిరాక్సు
పారిశుద్ధ్యం = ఊరిని శుభ్రంగా ఉంచే పని

చర్చించండి

1. మీ వార్డు నంబరు ఎంత? మీ కౌన్సిలరు ఎవరు?
2. మీ వీధిలో అందరికీ ఉన్న ఇబ్బంది ఏది? అది ఆఫీసు పనా, కౌన్సిల్ తీర్మానం కావాల్సిన పనా?
3. పక్క వీధికి వచ్చిన ట్యాంకరు మన వీధికి రాకపోతే ఏం చెయ్యాలి?

రాయండి

మీ వీధి ఇబ్బంది గురించి ఆరు వాక్యాల్లో అర్జీ రాయండి. కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి. బాగున్న అర్జీని అందరూ సంతకాలు చేసి, ఈ వారంలోనే ఇచ్చి రండి. రసీదు తీసుకోవడం మరిచిపోకండి.