బండ మట్టి అయ్యేదెట్లా?

గుట్ట కింద ఒక ఎకరం చెలక ఉంది. అత్త, కోడలు అందులో జొన్న వేస్తారు. ఒకరోజు ఇటుక బట్టీ యజమాని వచ్చాడు. చెలకలో పైమట్టి 2 అడుగుల లోతు తీసుకుంటానన్నాడు. మంచి డబ్బు ఇస్తానన్నాడు.

"ఇద్దాం అత్తమ్మా! అప్పు తీరుతుంది. మట్టిదేముంది, మళ్లీ వస్తుంది" అంది కోడలు.

అత్త ఏమీ అనలేదు. కోడలిని గుట్ట మీదికి తీసుకుపోయింది. అక్కడ పెద్ద బండ ఉంది. దాని మీద ఉల్లిగడ్డ పొరల్లాగా పొరలు లేచి ఉన్నాయి.

"వీటిని ఎవరు కొట్టారు?" అని అడిగింది కోడలు.

"ఎవరూ కొట్టలేదు బిడ్డా. చిన్నప్పుడు నేను రాళ్లు కొట్టే పనికి పోయేదాన్ని. బండ మీద మంట పెడితే పొర లేచేది. ఇక్కడ ఎండా వానా కలిసి ఆ పని మెల్లగా చేస్తున్నాయి."

బండను పగలగొట్టేది ఎవరు?

ఈ బండ ఒకప్పుడు భూమి లోపల చాలా లోతున ఉండేది. పైన ఉన్న బరువు పోయాక అది కొంచెం ఉబ్బింది. పగుళ్లు వచ్చాయి.

ఎండ: పగలు బండ కాలుతుంది, ఉబ్బుతుంది. రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. రోజూ ఇట్లా జరిగితే పగుళ్లు పెరుగుతాయి.

చెట్టు: పగుళ్లలో రావి విత్తనం పడుతుంది. మొలుస్తుంది. వేరు లావెక్కి బండను చీలుస్తుంది.

వాన: గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అది వాన నీటిలో కలుస్తుంది. నీటికి కొంచెం పులుపు వస్తుంది. ఆ పులుపు మన నాలుకకు తెలియదు. కానీ ఏళ్ల తరబడి అది బండను తింటుంది.

బండలో తెల్లని, గులాబీ రంగు రవ్వలు ఉంటాయి. అవి మెత్తబడి బంకమట్టి అవుతాయి. పలుగురాయి రవ్వలు కరగవు. అవే ఇసుక. బండలో ఉన్న ఇనుము తుప్పు పడుతుంది. అందుకే మన చెలక ఎర్రగా ఉంటుంది.

ముందు బండ మొరం అవుతుంది. తర్వాత మొరం మట్టి అవుతుంది. అందులో ఆకులు కుళ్లుతాయి, వానపాములు తిరుగుతాయి. అప్పుడు మట్టికి సారం వస్తుంది. ఒక్క అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది.

కోడలు వేసిన లెక్క

కోడలు రాతిముక్కతో బండ మీద లెక్క రాసింది. 2 అడుగులు అంటే 24 అంగుళాలు. అంగుళానికి 100 ఏళ్లే అనుకున్నా, 24 అంగుళాలకు 2400 ఏళ్లు!

"మిషను పెడితే రెండు రోజుల్లో తోడుకుపోతారు. మరి అప్పు ఎట్లా అత్తమ్మా?"

"మట్టి ఉంటే పంట వస్తుంది. పంట వస్తే ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అప్పు తీరుతుంది. మట్టే పోతే దేంతో తీరుస్తాం?"

మట్టి ఇవ్వమని ఇద్దరూ బట్టీ యజమానికి చెప్పేశారు. గుట్ట కింది రాళ్లు ఏరి, చెలకలో వాలుకు అడ్డంగా కట్ట వేశారు. వాన నీరు అక్కడ ఆగింది. కొట్టుకుపోయే మట్టి కూడా ఆగింది.

మాట్లాడుకోండి

1. మీ ఊరి గుట్ట మీద బండలు ఎట్లా ఉన్నాయి? పొరలు లేచిన బండ ఉందా?
2. మీ చేను మట్టి ఏ రంగు? పిడికెడు మట్టి నీటిలో కలిపి చూడండి. అడుగున ముందు ఏది చేరింది?
3. మీ చేలో మట్టి వానకు ఎటు పోతోంది? దాన్ని ఆపడానికి మీరేం చేయగలరు?