సమాచార భాండాగారమునకు వచ్చిపోవువారి లెక్క

గ్రంథాలయమునకు పోయినప్పుడు గుమ్మము ప్రక్కన ఒక బల్ల, దానిమీద గీతలు గీసిన పెద్ద పుస్తకము ఉండుట మీలో అనేకులు చూచియే యుందురు. వచ్చినవారు పేరు, తేది, వేళ వ్రాసి, సంతకము చేసి లోపలికి పోవుదురు. పుస్తకములు ఇచ్చుచోట మరియొక పద్దు ఉండును. ఏ పుస్తకమును ఎవరు ఎన్నడు తీసికొనిపోయిరో అందు వ్రాయుదురు. ఏడాది చివర ఈ రెండు పద్దులను ముందు పెట్టుకొని, ఇంతమంది వచ్చిరి, ఇన్ని పుస్తకములు కదలినవి అని గ్రంథాలయాధికారి నివేదిక వ్రాయును. మరుసటి యేడు ఏ పుస్తకములు కొనవలెనో, ఏ పుస్తకములను అటక యెక్కింపవలెనో ఆ నివేదికనుబట్టియే తేలును.

ఇప్పుడు చెప్పబోవు విషయము ఇంతకంటె మిక్కిలి వేరైనది కాదు. గ్రంథాలయమునకు బదులు ప్రభుత్వము ఇంటర్నెట్టులో తెరచి యుంచిన గణాంకముల భాండాగారము. గుమ్మము ప్రక్క పుస్తకమునకు బదులు కంటికి కనబడని యంత్రపు లెక్క. మొదటిదానిని ఓపెన్ డేటా పోర్టల్ అనియు, రెండవదానిని వెబ్ అనలిటిక్స్ అనియు అందురు.

ఇట్టి పోర్టళ్లను అమెరికా ప్రభుత్వము 2009లోను, బ్రిటిషు ప్రభుత్వము 2010లోను తెరచినవి. మన దేశమున 2012లో ఇందుకు ఒక జాతీయ విధానము ప్రకటింపబడి, ఆ యేడే కేంద్రప్రభుత్వపు పోర్టల్ వెలసినది. వర్షపాతము, పంటలు, పాఠశాలలు, ఆసుపత్రులు, జనసంఖ్య మొదలగువానిని గూర్చి ప్రజల పన్నులతో సేకరించిన పట్టికలను ప్రజలు ఎవరి దయకును కాచుకొని యుండనక్కరలేకుండ తీసికొని వాడుకొనవచ్చు ననుట దీని యుద్దేశము.

పట్టికలతో మనకేమి పని యని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఇతరులకంటె మనకే ఎక్కువ పని. పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి హక్కులు చాలవరకు అంకెలమీద నిలిచినవి. 1949 ఆగస్టులో రాష్ట్ర విద్యామంత్రుల సభ ఒక సూత్రము నిర్ణయించినది: పాఠశాల మొత్తముమీద 40 మంది పిల్లలు గాని, ఒక తరగతిలో 10 మంది గాని ప్రాంతీయభాష కాక వేరొక మాతృభాష కలవారున్నచో, ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయునైన నియమింపవలెను. 1956లో జరిగిన ఏడవ సవరణచేత రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరి, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించుటకు యత్నింపవలసిన బాధ్యత రాష్ట్రములమీద పడినది. పది, నలుబది యను అంకెలను చూపలేనివారికి ఆ సూత్రము ఉండియు లేనట్లే. మన సంఖ్య యెంతయో చెప్పు పట్టిక జనగణనలో నున్నది. 2011 లెక్క ప్రకారము తెలుగు మాతృభాషగా చెప్పినవారు దేశమున 8 కోట్ల 11 లక్షలు; తమిళనాట 42 లక్షలకు పైగా, కర్ణాటకమున 35 లక్షలకు పైగా. ఆ భాషాపట్టికలు ప్రజల చేతికి వచ్చినది 2018లో. అట్టి పట్టిక ఒకటి ఏ పోర్టల్‌లోనో యుండి, "దీనిని చూచువారు లేరు" అని ఎవరైన తీర్మానించినచో నష్టము ఎవరికో వేరుగా చెప్పనక్కరలేదు. కావున చూచువారిని లెక్కించు విధానమును కొంత తెలిసికొనుట అవసరము.

లెక్క పెట్టుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. పోర్టల్ నడుచు కంప్యూటరును సర్వర్ అందురు. ఎవరు ఏ పుటను అడిగినను ఆ సర్వర్ తన దినచర్య పుస్తకములో ఒక పంక్తి వ్రాసికొనును: అడిగిన యంత్రపు చిరునామా, కాలము, అడిగిన పుట, ఇచ్చిన జవాబు, పంపిన పరిమాణము, అడిగినవారి బ్రౌజరు పేరు. దీనిని లాగ్ అందురు. ఇది పాతపద్ధతి, కొత్తగా చేర్చవలసినది ఏమియు లేదు, ఉన్నదానిని చదివి కూడవలసినదే. రెండవది, ప్రతి పుటలోను చిన్న ప్రోగ్రామును పొదుగుట. చూచువాని బ్రౌజరులో ఆ పుట తెరచుకొనగానే ఈ ప్రోగ్రాము మేల్కొని, "ఫలానా పుటను ఒకరు చూచుచున్నారు" అని లెక్కలు వ్రాయు మరియొక సర్వరునకు కబురు పంపును. మరల వచ్చినప్పుడు ఆనవాలు పట్టుటకు ఆ బ్రౌజరులో కుకీ యను చిన్న గురుతును విడిచిపోవుటయు కలదు. 2005లో ఆరంభమైన గూగుల్ అనలిటిక్స్, 2007లో పివిక్ అను పేరుతో పుట్టి 2018లో పేరు మార్చుకొన్న మటోమో ఈ రెండవ జాతిలోనివి.

రెండవ మార్గము సులభముగా కనబడును. నాలుగు పంక్తులు అతికించినచో పని ముగిసినట్లే తోచును. కాని సమాచార పోర్టల్ విషయమున చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. వార్తాపత్రికను చదువువాడు పుటను చూచిపోవును. గణాంకములు కావలసినవానికి పుటతో పని లేదు, పట్టికయున్న ఫైలు కావలెను. ఒకసారి ఆ ఫైలు చిరునామా దొరికినచో, తరువాత పుట మొగము చూడకయే నేరుగ ఫైలునే తెచ్చుకొనును. తన మిత్రులకును ఆ చిరునామానే పంపును. పుటలో పొదిగిన ప్రోగ్రాము పుట తెరచినప్పుడే కాని మేల్కొనదు. ఫైలులో ప్రోగ్రాము లేదు. కాబట్టి బాగుగా తెలిసి, మాటిమాటికి వాడుకొనువాడే లెక్కకు అందడు. దారితప్పి వచ్చి తొంగిచూచి పోయినవాడు లెక్కలో నిలుచును. గుమ్మముదగ్గర పుస్తకము పెట్టి, పెరటి తలుపు తెరచి యుంచినట్లు! దీనికి విరుగుడుగా దింపుకొను బొత్తామును నొక్కినప్పుడు వేరుగ కబురు పోవునట్లు చేయుదురు. అదియు పుటలోని బొత్తామునకే పనికివచ్చును. ఫైళ్ల విషయమున పాత లాగ్‌నే నమ్మవలసి యున్నది.

లాగ్ మాత్రము నిష్కల్మషమైనదా? కాదు. సెర్చి యంత్రముల తరఫున రేయింబవళ్లు తిరుగు రోబోట్లు ప్రతి పుటను తట్టి పోవుచుండును. వానిని ఏరివేయనిచో లెక్క ఉబ్బిపోవును. పెద్ద ఫైలును కొన్ని బ్రౌజర్లు ముక్కలు ముక్కలుగా తెచ్చుకొనుటవలన ఒక్క దింపుడు పలు పంక్తులగును. అధికారి తన పట్టికను తానే సరిచూచుకొన్న పంక్తులును అందే చేరును. ప్రోగ్రాముద్వారా సమాచారము తెచ్చుకొను మార్గమున ఒక్క విద్యార్థి వ్రాసిన ప్రోగ్రామే దినమునకు వేయిమార్లు అడుగవచ్చును. అవి వేయి అడుగులే కాని వేయిమంది కారు.

ఇక "ఎంతమంది" అను ప్రశ్న. ఇందు మన పాఠశాలలకు నేరుగ తగులు సంగతి యొకటి కలదు. అనేక ప్రభుత్వముల పోర్టళ్లు సీకాన్ అను ప్రోగ్రాముమీద నడుచుచున్నవి; అమెరికా ప్రభుత్వపు పోర్టలును దానినే వాడుకొన్నది. సీకాన్‌లో సొంత లెక్క యొకటి కలదు. అది మొదట మూసియుండును. నడపువారు కోరి తెరువవలెను. ఒకే మనిషి ఒకే పుటను ఒకే దినమున ఎన్నిమార్లు చూచినను ఒక్కటిగానే అది లెక్కించును. మంచిదే. కాని పేరు అడుగకుండ ఒకే మనిషి యని ఎట్లు తెలియును? బ్రౌజరు పేరును, ఇంటర్నెట్టు చిరునామాను, బ్రౌజరు కోరు భాషలను, అది అంగీకరించు కుదింపు పద్ధతులను కలిపి గ్రుచ్చి, దానినుండి ఒక గుప్తసంఖ్యను తీయును. ఆ సంఖ్య ఒకటైనచో మనిషి ఒకడని భావించును.

మన పాఠశాలలో కంప్యూటరు గది యొకటి యున్నదనుకొందము. ముప్పది యంత్రములు ఒకే దినమున కొన్నవి. అన్నిటిలోను ఒకే బ్రౌజరు. అన్నిటికిని బయటికి పోవు దారి ఒక్కటే, కనుక బయటివారికి కనబడు చిరునామా ఒక్కటే. ఉపాధ్యాయుడు జిల్లా వర్షపాతపు పట్టికను తెరువుడనగా ముప్పదిమంది పిల్లలు తెరచిరి. నాలుగు గురుతులును ఒక్కటే యగుటచే పోర్టల్ పద్దులో పడునది: ఒకటి. అదే దినమున ఒక వర్తకుడు ఇంట ఫోనులోను, కొట్టులో కంప్యూటరులోను అదే పట్టికను చూచినచో: రెండు. ముప్పదిమంది పిల్లలకంటె ఒక్క వర్తకుడు రెట్టింపైన ఈ గణితమున దురుద్దేశ మేదియు లేదు. పేరు అడుగకుండ లెక్క పెట్టబూనినచో ఇట్టిదే జరుగును. దోషము లెక్కయందు కాదు, లెక్కను జనసంఖ్యగా చదువుటయందు.

భాష విషయమును ఇట్టిదే. సందర్శకులు ఏ భాషవారని ఈ పద్దులు ఒక వరుసలో చూపును. అది మాతృభాష కాదు. వారి బ్రౌజరు ఏ భాషలో అమర్చబడినదో అది. తెలుగు అక్షరములు చక్కగా వచ్చు ఫోనులు చేత నుండియు మనలో ఎంతమంది వానిని ఇంగ్లీషులోనే యుంచుకొనలేదు? జనగణన ఉద్యోగి వాకిటికి వచ్చి అడిగినప్పుడు "తెలుగు" అని గట్టిగా చెప్పు ఇల్లే, ఇక్కడ ఇంగ్లీషు లెక్కలో జమయగును. ఊరు చూపు వరుసయు నమ్మదగినది కాదు. చిరునామానుబట్టి ఊహించునదగుటచే, ఫోనువారు సేలములో నుండియు చెన్నపట్టణములో నున్నట్లు కనబడవచ్చును.

కాలపు చిక్కును మరువరాదు. సీకాన్ "ఇటీవలి చూపులు" అని చెప్పునది గడచిన 14 దినములవే. పాఠశాలల పట్టికను ప్రవేశముల వేళ జూన్‌లో వెదకువారికి మార్గశిరమున దానితో పనియేమి? ఏడాదికొకసారి ఒక సంఘపు కార్యదర్శి భాషాపట్టికను దింపుకొని, దాని యాధారముతో మహజరు వ్రాయును. పద్దులో అది ఒక్క గీత. ఆ గీతవలన ఒక తెలుగు ఉపాధ్యాయుని కొలువు నిలిచినను ఆ సంగతి పద్దునకు తెలియదు. చూపులు తక్కువైన పట్టికలను ఇక పొడిగింపరాదని నిర్ణయించు అధికారి, పది, నలుబది అను పాత గీటురాళ్లకు తోడు మూడవదానిని తెలియకయే పెట్టినవాడగును.

ఇంత చెప్పినందున లెక్కయే వద్దని నా యభిప్రాయము కాదు. లెక్క లేనిచో పోర్టల్ నడపువారు చీకటిలో నుందురు. ఖర్చు దండుగ యనువారికి జవాబు చెప్పలేరు. నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది చూపుల సంఖ్య కాదు, పోర్టల్‌లోని వెదకు పెట్టెలో జనులు వ్రాసి ఫలితము దొరకక వెనుదిరిగిన మాటల పట్టిక. ఒకరు "తెలుగు బడులు" అని తెలుగు లిపిలో వెదకి, శీర్షికలన్నియు ఇంగ్లీషులో నుండుటచే శూన్యము చూచి పోయిరనుకొనుడు. ఆ ఒక్క మాట అధికారికి చెప్పునంత సంగతి వేయి చూపులు చెప్పవు. ఆ పెట్టెలో కొందరు పేర్లు, ఫోను సంఖ్యలు కూడ వ్రాయుదురు గనుక వానిని తుడిచియే దాచవలెను.

ఇక రహస్యము మాట. గ్రంథాలయపు పుస్తకములో సంతకము చేయునప్పుడు చేయుచున్నామని మనకు తెలియును, ఇక్కడ తెలియదు. క్షయరోగపు పట్టికనో, అప్పుల పట్టికనో ఎవరు చూచిరో ఎవరికిని అక్కరలేదు. చిరునామాలోని తుది భాగమును చెరిపివేసి దాచుట మటోమో వంటివానిలో కలదు. గుప్తసంఖ్యగా మార్చితిమి గనుక భయము లేదనుట పొరపాటు: పాత పద్ధతి చిరునామాలు మొత్తము సుమారు 430 కోట్లే. నేటి యంత్రము ఒక్కొక్కదానినే మార్చి చూచి అసలు చిరునామాను బయటికి లాగగలదు. దినదినము మారు రహస్యపదము నొకటి కలిపి, మరునాడు దానిని పారవేసినగాని ఆ మార్పు రక్షణ కాదు.

పద్దును ఎవరి యింట వ్రాయింతుమనునదియు ఆలోచింపవలసినదే. 2022 ఆరంభమున ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశముల అధికారులు గూగుల్ అనలిటిక్స్ వాడుక తమ చట్టమునకు విరుద్ధమని తేల్చిరి. సమాచారము అమెరికాకు పోవుటయే కారణము. 2023 జూలైలో ఐరోపా, అమెరికాల నడుమ కొత్త యేర్పాటు వచ్చి ఆ చిక్కు సడలినది. ఆ నెలలోనే గూగుల్ తన పాత పద్ధతి లెక్కను నిలిపివేసెను. 2024 జూలైలో పాత పద్దులు చూచుటకును వీలు లేకపోయినది. ముందుగా నకలు తీసికొననివారి యేండ్ల లెక్క పోయినట్లే. సొంత సర్వరుమీద పద్దు వ్రాసికొన్నవారికి శ్రమ యెక్కువ, ఈ బెంగ తక్కువ.

పిల్లల విషయమున మన దేశపు చట్టము స్పష్టముగా నున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి నడవడిని వెన్నంటి గమనించుటను నిషేధించినది. ప్రభుత్వము నిబంధనలద్వారా కొన్ని మినహాయింపులు ఈయవచ్చును. ఆ నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అవి దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటు. పట్టికకు వచ్చిన చూపులను కూడుట వేరు, ఒక పిల్లవాడు ఈ పుటనుండి ఏ పుటకు పోయెనని వెంట నడచుట వేరు. మన పాఠశాలకు వెబ్ పుట చేసి యిచ్చువారిని ఈ ప్రశ్న అడుగుటకు తల్లిదండ్రులు సంకోచింపనక్కరలేదు.

పట్టికను వాడుకొన్న సంఘములు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. మన జాతీయ పోర్టల్ ఏర్పాటున ఆయా శాఖలకు చీఫ్ డేటా ఆఫీసర్లు కలరు. ఏ పట్టికను, ఏ సంవత్సరపుదానిని, దేనికొరకు దింపుకొంటిమో, ఎంతమంది పిల్లల విషయమున అది అక్కరకు వచ్చినదో, ఏ జిల్లా అంకెలు లోపించినవో ఒక పుటలో వ్రాసి ఆ అధికారికి పంపి, నకలును సంఘపు దస్త్రములో దాచవలెను. ప్రవేశములు ముగిసిన తరువాత, మహజరుతో పాటే ఈ జాబును వ్రాసినచో వివరములు మరపునకు రావు.