భూమి నోరు తెరచునా?

కోరహును, అతని వారిని భూమి నోరు తెరచి మ్రింగెనని సంఖ్యాకాండము 16వ అధ్యాయములో చదివినవారు కొందరు, భూకంపము వచ్చిన ప్రతిచోటను నేల అట్లే తెరచుకొనునని తలంచి భయపడుదురు. సహోదరులారా, సాధారణముగా జరుగునది వేరు. అమెరికా పడమటి తీరమున, సాన్ ఫ్రాన్సిస్కో పట్టణమునకు ఉత్తరముగా, పాయింట్ రేయస్ అను రాతినేల సముద్రములోనికి పొడుచుకొని యున్నది. దానిని గూర్చి తెలిసికొనిన యెడల సంగతి తేటపడును.

అక్కడ సాన్ ఆండ్రియాస్ అను గొప్ప పగులు నేలలో పోవుచున్నది. శాస్త్రజ్ఞులు దీనిని భ్రంశమందురు. పగులుకు పడమటనున్న నేల వాయవ్యముగా జరుగుచున్నది. లెక్కకు ఏడాదికి ఒకటి రెండు అంగుళములే. అయితే అది దినదినము జరుగదు. వానకాలమున ఉబ్బిన తలుపు గడపను పట్టుకొని, త్రోయగా త్రోయగా ఒక్కసారి ఊడివచ్చును గదా! 1906 ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున అట్లే ఊడెను. తిన్నగా నున్న కంచెలు, బాటలు తెగి, ఒక ముక్కనుండి మరియొకటి 20 అడుగుల వరకు ప్రక్కకు తొలగెను. చిన్న పగుళ్లు తప్ప నేల నోరు తెరవలేదు. ఒక ఆవు పగులులో పడగా తోక మాత్రమే పైకి కనబడెనని అప్పుడొక వార్త పుట్టెను. చచ్చిన ఆవునే అందులో పూడ్చిరని తరువాత చెప్పుకొనిరి.

పట్టణములో దాదాపు 3,000 మంది చనిపోయిరి. వారిని చంపినవి కూలిన గోడలు, అటుపిమ్మట చెలరేగిన అగ్ని. ఇల్లు కట్టుకొనువారు భయపడవలసినది నేలకంటె బలహీనమైన గోడకే.

ఇక తీరము సంగతి. లక్షలాది సంవత్సరములు రెండు వైపుల బండలు ఒరసికొనగా, నడుమనున్న రాయి తిరగలిలో గింజవలె నలిగెను. నలిగిన రాతిని వాగులు సులభముగా కోసికొని పోవును. ఇట్లు పగులు పొడవున పల్లమేర్పడి, సముద్రము చొరబడగా టొమాలెస్ అఖాతమాయెను. పొడవు దాదాపు 15 మైళ్లు, వెడల్పు ఒక మైలు. నూలు పట్టి గీచినట్లుండును. దానికి పడమట గ్రానైటు. తూర్పున పూర్వము సముద్రపు అడుగున నున్న వేరు జాతి రాళ్లు. ఈ గ్రానైటుకు చుట్టమైన రాయి 300 మైళ్లకు పైగా దక్షిణమున, టెహాచపీ కొండలలో నున్నది! అంత దూరము నడచి వచ్చినదన్నమాట.

పగులు వెంబడి దక్షిణమునకు పోయిన యెడల ఓలీమా లోయ, దాని కొనను బొలినాస్ మడుగు. ఆ లోయలో రెండు వాగులు కొంతదూరము ప్రక్కప్రక్కనే పారును. కాని ఒకటి ఉత్తరమున అఖాతము వైపునకు, రెండవది దక్షిణమున మడుగులోనికి పోవును.