నైట్రస్ బాటిల్ నేర్పిన తొమ్మిది పాఠాలు

మిషిగన్‌లో ఇంజన్ల మధ్య నా జీవితం ముప్పై ఏళ్ళకు పైగా గడిచింది. పగలు ఇంజన్లు పరీక్షించే ఉద్యోగం, సెలవు రోజున మైలన్ డ్రాగ్‌వేలో పావు మైలు పరుగు. నా బండి 1989 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ 5.0. దానికి నైట్రస్ పెట్టాను, ఒకసారి ఇంజన్ పోగొట్టుకున్నాను, మళ్ళీ కట్టుకుని ఏళ్ళ తరబడి నడిపాను.

ఇప్పుడు మన పిల్లలు ఎం.ఎస్. పూర్తిచేసి ఉద్యోగంలో చేరగానే పాత మస్టాంగో, కమారోనో కొంటున్నారు. ఆదివారం మా ఇంటికొచ్చి, భోజనాలయ్యాక మెల్లగా అడుగుతారు: “అంకుల్, నైట్రస్ పెట్టించమంటారా?” ఊరికే వద్దంటే వినే వయసు కాదు. అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

1. నైట్రస్ ఇంధనం కాదు, ఊపిరి.

గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం. నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం. సిలిండర్ వేడికి అది విడిపోయి ఆ ఆక్సిజన్‌ను వదులుతుంది. దానంతట అది మండదు. వచ్చిన ఆక్సిజన్‌కు సరిపడా పెట్రోలు అందితేనే బలం వస్తుంది. పైగా ఈ ద్రవం మైనస్ 88 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది కనుక లోపలికొచ్చే గాలిని చల్లబరిచి చిక్కగా చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు ఎత్తున పల్చటి గాలిలో బలం తగ్గకుండా ఉండటానికి జీఎం-1 అనే ఏర్పాటుతో వాడింది దీన్నే. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే తక్కిన పాఠాలన్నీ సులువు.

2. నైట్రస్ కిట్ కొనేముందు ఇంజన్‌ను చూడండి.

అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలవండి. రింగులు అరిగిన ఇంజన్‌కు నైట్రస్ పెడితే జబ్బుమనిషిని పరుగు పందేనికి తోలినట్టే. లోపల ఏ పిస్టన్లు ఉన్నాయో కనుక్కోండి. నా 1989 బండిలో ఫ్యాక్టరీ నుంచే ఫోర్జ్‌డ్ పిస్టన్లు ఉన్నాయి. అదే 5.0 ఇంజన్‌కు 1993లో ఫోర్డ్ హైపర్‌యూటెక్టిక్ పిస్టన్లు వేసింది. అవి పెళుసు. డిటొనేషన్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం, తగిలితే రింగు గాడి దగ్గర విరుగుతాయి. పైకి ఒకేలా కనిపించే రెండు బండ్లు ఒకే బరువు మోయలేవు.

3. ఇంజన్‌ను చంపేది చాలని పెట్రోలు.

నా ఇంజన్ పోయింది ఇలాగే. 1996 వేసవిలో 100 హార్స్‌పవర్ జెట్లు (నైట్రస్, పెట్రోలు ఎంత వెళ్ళాలో కొలిచే చిన్న రంధ్రాల బిళ్ళలు) తీసి 125వి వేశాను. పెట్రోలు పంపు పాతది, ఫిల్టర్ మార్చి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. మొదటి రెండు పరుగులూ బాగానే సాగాయి. మూడోసారి గీత దాటకముందే బలం ఒక్కసారిగా పడిపోయింది, అద్దంలో చూస్తే వెనకంతా పొగ. మర్నాడు హెడ్ విప్పితే ఏడో పిస్టన్ అంచు మైనంలా కరిగి, వేలు దూరేంత గండి పడి ఉంది. సిలిండర్ గోడకు కరిగిన అల్యూమినియం అంటుకుంది. నైట్రస్ తన పని తాను చేసింది. దానికి తగ్గ పెట్రోలు అందించలేకపోయిన తప్పు నాది. ముందు పంపు, ఫిల్టర్ మార్చండి. పెట్రోలు ప్రెషర్ తగ్గగానే నైట్రస్‌ను ఆపేసే సేఫ్టీ స్విచ్ తప్పకుండా పెట్టండి. పిస్టన్ ఖరీదు ముందు దాని ఖరీదు ఎంత?

4. చిన్న జెట్‌తో మొదలుపెట్టండి.

50 లేదా 75 హార్స్‌పవర్ చాలు. నైట్రస్ జెట్, పెట్రోలు జెట్ జంటగానే మార్చాలి. కిట్‌తో వచ్చిన పట్టిక చూసి, జెట్ మీద చెక్కిన అంకె మరోసారి చదివి బిగించండి. ప్రతి 50 హార్స్‌పవర్‌కు ఇగ్నిషన్ టైమింగ్ 2 డిగ్రీలు వెనక్కి తీయడం పాత లెక్క, ఇప్పటికీ మంచి లెక్కే. స్పార్క్ ప్లగ్ ఒక మెట్టు చల్లనిది వేసి, గ్యాప్ 0.035 అంగుళం మించకుండా చూడండి.

5. ప్రతి పరుగు తర్వాత ప్లగ్ తీసి చూడండి.

ట్రాక్‌లో ఒక పెద్దాయన నాకు చిన్న భూతద్దం ఇచ్చి ఇది నేర్పాడు. ప్లగ్ పింగాణీని వెలుతురుకు పట్టి తిప్పుతూ చూడాలి. శుభ్రంగా ఉంటే సరే. దాని మీద ఉప్పూ మిరియాలూ చల్లినట్టు నల్లటి, వెండి రంగు చుక్కలు కనబడ్డాయంటే డిటొనేషన్ మొదలైనట్టు. ఆ వెండి చుక్కలు మీ పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియమే. అప్పుడు టైమింగ్ ఇంకా వెనక్కి తీయాలి, లేదా పెట్రోలు పెంచాలి, లేదా చిన్న జెట్‌కు దిగాలి. “ఇంకొక్క పరుగు చూద్దాం” అనుకున్నవాళ్ళు బండిని ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకోవడం చాలాసార్లు చూశాను.

6. నైట్రస్ బటన్‌ను వేలికి వదలకండి.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే పనిచేసే స్విచ్ ఒకటి, 3000 ఆర్‌పీఎం దాటాకే వదిలి రెవ్ లిమిటర్‌కు ముందే ఆపే స్విచ్ ఇంకొకటి ఉండాలి. తక్కువ ఆర్‌పీఎంలో నైట్రస్ వదిలితే నైట్రస్, పెట్రోలు ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో పేరుకుని ఒక్కసారిగా అంటుకుంటాయి. ఆ దెబ్బకు మేనిఫోల్డ్ పగిలి బానెట్ లేచిపోయిన బండిని కళ్ళారా చూశాను.

7. బాటిల్‌ను గౌరవించండి.

మంచి ప్రెషర్ 900 నుంచి 1000 పీఎస్‌ఐ మధ్య. 36.4 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల ద్రవమే మిగలదు, ప్రెషర్ వేగంగా పెరుగుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీ అంతకంటే వేడెక్కుతుంది. బాటిల్ చల్లగా ఉందని మంట చూపించడం ఆత్మహత్యతో సమానం. థర్మోస్టాట్ ఉన్న హీటర్ చుట్టండి. లేబుల్ పైకి, వాల్వు బండి ముందువైపుకు, కొంచెం ఎత్తుగా ఉండేలా లోహపు బ్రాకెట్లతో బిగించండి. సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాస్ బయటికి పోయేలా గొట్టం వేయండి. ఐదేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ చేయించండి. నింపేటప్పుడు తూకం వేయించండి. 10 పౌన్ల బాటిల్‌లో 10 పౌన్లే ఉండాలి.

8. ఇంజన్ ఆపగానే వాల్వు మూయండి.

నైట్రస్‌ను వదిలే కరెంటు వాల్వు, అంటే సోలెనాయిడ్, ఒక రవ్వంత లీకైనా రాత్రికి రాత్రి మేనిఫోల్డ్ నైట్రస్‌తో నిండుతుంది. పొద్దున తాళం తిప్పగానే పేలుతుంది. బాటిల్ వాల్వు తెరిచి మరిచిపోయారని తెలిస్తే ఇంజన్ స్టార్ట్ చేయకండి. వాల్వు మూసి, ఇగ్నిషన్, పెట్రోలు రెండూ ఆపి, యాక్సిలరేటర్ తొక్కిపట్టి క్రాంక్ చేసి, ఆ గ్యాస్ అంతా బయటికి పోనివ్వండి. ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. దాని పీలిక ఒక్కటి సోలెనాయిడ్‌లో చిక్కితే అది మూసుకోదు. ఆ గ్యాస్ పీల్చే ఆలోచన అసలే వద్దు. బండ్లకు అమ్మే నైట్రస్‌లో సల్ఫర్ డయాక్సైడ్ కలిపేదే ఎవరూ పీల్చకూడదని. అలవాటుగా పీల్చితే ఒంట్లో బి-12 పనికిరాకుండా పోయి నరాలు దెబ్బతింటాయి. నడవలేని స్థితికి వచ్చిన కుర్రాళ్ళున్నారు.

9. రోడ్డు దాని చోటు కాదు.

అమెరికాలో నైట్రస్ చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. రోడ్డు మీద బాటిల్ లైను ఊడదీసి ఉంచాలనే రాష్ట్రాలున్నాయి. మీ రాష్ట్రం ఏమంటుందో చదివాకే డబ్బు పెట్టండి. ఇండియాకు తిరిగి వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండిని మార్చడమే నేరం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగా కనబడినా అది ట్రాక్ కాదు. ట్రాక్‌లో ఎదురుగా వచ్చే లారీ ఉండదు, రోడ్డు దాటే పిల్లాడు ఉండడు. అంబులెన్స్ మాత్రం సిద్ధంగా ఉంటుంది.

అబ్బాయిలూ, మీ అమ్మానాన్నలు పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటారు. మీ సరదా నేను కాదనను, నేనూ పడ్డవాణ్ణే. హెల్మెట్ పెట్టుకోండి, ట్రాక్‌కు వెళ్ళండి, ఎంత వేగంగానైనా పరిగెత్తండి. తిరిగి రోడ్డెక్కే ముందు బాటిల్ వాల్వు మూసి ఉందో లేదో చేత్తో తిప్పి చూసుకోండి.