స్థానిక కారాగారాలు – పర్యవేక్షణ ఆవశ్యకత

మన పట్టణాలలో పాత తాలూకా కచేరీకో, న్యాయస్థానానికో సమీపాన ఎత్తయిన గోడలు గల ఒక చిన్న కట్టడం తరచుగా కనిపిస్తుంది. అదే సబ్‌జైలు. సంతకు పోయేవారు, కళాశాలకు వెళ్లే విద్యార్థులు ప్రతిదినం దాని ముందునుండి నడుస్తూనే ఉంటారు. లోపల ఏమి జరుగుతున్నదో ఎరిగినవారు అరుదు. పెద్ద నగరాలలోని కేంద్ర కారాగారాలను గురించి పత్రికలు అప్పుడప్పుడైనా వ్రాస్తాయి. ఊరి నడుమనున్న సబ్‌జైలును గురించి వ్రాసేవారు లేరు. మనకు అతి సమీపాన ఉన్నదే మన దృష్టికి అతి దూరమైనది.

ఖైదీ, జామీను, ములాఖాతు, వకీలు, దరఖాస్తు – ఈ మాటలు ఉర్దూ నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. పేదవాని ఇంట ఈ మాటలు వినిపించిన నాడు ఆ ఇల్లు ఏ భాషదైనా దుఃఖం ఒక్కటే. కావున ఈ విషయాన్ని విద్యార్థి లోకం తెలుసుకొనుట అవసరం.

కారాగారాలు బాగుపడుటకు ధనం కావలెను, భవనాలు కావలెను. అందు సందేహం లేదు. కాని వాటికంటె ముందుగా కావలసినది మరొకటి ఉన్నది. బయటివారు క్రమం తప్పక లోపలికి వెళ్లి, చూచినది వ్రాసి, వ్రాసినదానికి సమాధానం రాబట్టే ఏర్పాటు ఉండవలెను. ఆ పర్యవేక్షణ లేనిచోట మంచి చట్టం కూడ కాగితంపైనే నిలిచిపోతుంది.

లోపల ఉన్నవారు ఎవరు?

కారాగారం అనగానే శిక్ష పడిన నేరస్థులే అందులో ఉంటారని సామాన్యుల భావన. వాస్తవం వేరు. 2022 సంవత్సరాంతానికి దేశంలోని 1,330 కారాగారాలలో 5,73,220 మంది ఖైదీలు ఉన్నారు. అక్కడి వసతి 4,36,266 మందికి మాత్రమే సరిపోతుంది. ఆ ఖైదీలలో 4,34,302 మంది, అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు, విచారణలో ఉన్నవారు. వారు నేరం చేసినట్లు ఏ న్యాయస్థానమూ ఇంకా తేల్చలేదు. సబ్‌జైళ్లలో ఎక్కువగా ఉండేది ఇట్టివారే.

వీరిలో అనేకులు లోపల ఉండుటకు కారణం నేరతీవ్రత కాదు, పేదరికం. జామీను మంజూరైనా పూచీదారు దొరకడు. దొరికినా ఆస్తి పత్రాలు ఉండవు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రీ విషయంలో కింది న్యాయస్థానం పదివేల రూపాయల పూచీ కోరినది. పూచీకి నిలిచిన సోదరుని ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదని దానిని తిరస్కరించినది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దీనిని తప్పుపట్టి, వేయి రూపాయల సొంత పూచీపై అతనిని విడుదల చేయవలెనని ఆదేశించినారు.

పర్యవేక్షణ ఎట్లు పుట్టినది?

స్థానిక కారాగారాల సంస్కరణ చరిత్రలో మొదట చెప్పదగిన పేరు జాన్ హోవర్డ్. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌కు ఆయన 1773లో షెరీఫ్ అయినారు. ఆ కాలంలో జైలరుకు జీతం ఉండేది కాదు. ఖైదీల నుండి వసూలు చేసే రుసుములే అతని ఆదాయం. నిర్దోషులని తేలినవారు సైతం ఆ రుసుము చెల్లించలేక లోపలనే మగ్గుతుండిరి. జైలరుకు జీతం ఇప్పించుడని హోవర్డ్ కోరగా, అట్టి పద్ధతి ఎక్కడైనా ఉన్నదా అని అధికారులు ప్రశ్నించినారు. దానికై ఆయన పొరుగు జిల్లాల కారాగారాలకు వెళ్లి చూడగా అంతటా అదే అన్యాయం. 1774లో పార్లమెంటు రెండు చట్టాలు చేసినది: ఒకటి విడుదలైనవారి నుండి రుసుము వసూలును నిషేధించినది, రెండవది ఖైదీల ఆరోగ్యాన్ని గురించినది. 1777లో హోవర్డ్ తాను చూచినదంతా గ్రంథంగా ప్రకటించినారు. గదుల కొలతలు, నీటి వసతి, ఖైదీల సంఖ్య – ఇవి ఆయన సాధనాలు. ఉపన్యాసం చేయలేని పని ఆ లెక్కలు చేసినవి.

బ్రిటిషు పాలనలో ఇదే భావన మన దేశానికి వచ్చినది. 1894 నాటి కారాగారాల చట్టం సందర్శకులను నియమించుటకు, వారికి మార్గదర్శక నియమాలు చేయుటకు అధికారం కల్పించినది. అధికార సందర్శకులు, అనధికార సందర్శకులు అనే పద్ధతి ఇట్లు స్థిరపడినది. స్వాతంత్ర్యానంతరం 1980–83 నడుమ జస్టిస్ ముల్లా అధ్యక్షతన పనిచేసిన అఖిల భారత సంఘం కారాగార సంస్కరణలపై విస్తృతమైన నివేదిక సమర్పించినది.

కోయిలకుంట్ల నేర్పిన పాఠం

పర్యవేక్షణ లోపిస్తే ఏమవుతుందో తెలుసుకొనుటకు మనం దూరం పోనక్కరలేదు. 1977లో నాటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో ఒక తండ్రి, ఆయన కుమారుడు విచారణలో ఉన్న ఖైదీలుగా ఉన్నారు. తమ ప్రాణాలకు అపాయం ఉన్నదని, తగిన రక్షణ కల్పించవలెనని వారు ముందుగానే అధికారులకు విన్నవించుకొన్నారు. ఆ విన్నపాన్ని పట్టించుకొన్నవారు లేరు. మే 5, 6 తేదీల నడిమి రాత్రి దుండగులు జైలులో ప్రవేశించి వారి గదిలోకి బాంబులు విసిరినారు. తండ్రి మరణించినారు, కుమారుడు గాయాలతో బయటపడినారు.

నష్టపరిహారం కోరగా, ఇది సార్వభౌమాధికారంతో చేసిన పని గనుక తనకు బాధ్యత లేదని ప్రభుత్వం వాదించినది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదాన్ని నిరాకరించి 1,44,000 రూపాయల పరిహారం మంజూరు చేసినది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచినది. రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కు ఖైదీకి కూడ ఉన్నదని, దానికి భంగం కలిగినచోట సార్వభౌమత్వం పేరుతో ప్రభుత్వం తప్పించుకొనజాలదని ఆ తీర్పు సారాంశం. న్యాయం జరిగినది, నిజమే; కాని ఇరువది మూడేండ్లకు జరిగినది. ఆ విన్నపాన్ని చదివి వెంటనే చర్య తీసుకొన్న అధికారి ఒక్కరు ఉండినట్లయితే ఒక ప్రాణం దక్కి ఉండెడిది.

న్యాయస్థానాలు వేసిన బాట

విశాఖపట్టణం కేంద్ర కారాగార ఖైదీలు వేసిన వ్యాజ్యంలో, శిక్ష పడినంతమాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నిటినీ కోల్పోడని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పినది. 1979లో బీహారు విచారణ ఖైదీల దుస్థితి వెలుగులోకి వచ్చినప్పుడు, సత్వర విచారణ కూడ జీవించే హక్కులో భాగమేనని తీర్పు వెలువడినది. అదే సంవత్సరం తీహారు జైలులో తోటి ఖైదీకి జరిగిన హింసను గురించి ఒక ఖైదీ వ్రాసిన ఉత్తరాన్నే న్యాయస్థానం పిటిషనుగా స్వీకరించినది. కారాగారాలలో ఫిర్యాదు పెట్టెలు ఉండవలెనని, న్యాయాధికారులు స్వయంగా వెళ్లి ఖైదీల మొరలు వినవలెనని ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న మరొక వ్యాజ్యంలో, తల్లులతో జైలులో పెరుగుతున్న పసిబిడ్డల ఆహారం, వైద్యం, విద్యలను గురించి 2006లో నియమాలు ఏర్పరచినది.

నేడు ప్రతి జిల్లాలోను విచారణ ఖైదీల సమీక్షా సంఘం ఉండవలెను. మూడు నెలలకొకసారి సమావేశం కావలెను. 2024 జులై నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపిన విచారణ ఖైదీ జామీనుకు అర్హుడు. పూర్వం ఎన్నడూ శిక్ష పడనివానికి మూడవ వంతు చాలును. మరణశిక్షకు, యావజ్జీవ శిక్షకు తగిన నేరాలు, ఒకటికి మించి కేసులు ఉన్నవారు దీనికి మినహాయింపు. గడువు నిండగానే న్యాయస్థానానికి దరఖాస్తు చేయవలసిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంటుపైననే ఉంచినది. అనగా ఒక రిజిస్టరులోని తేదీని సకాలంలో చూచుటపై ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడి ఉన్నది. దానిని చూచుచున్నారో లేదో పరీక్షించేవారు ఉండవలెను గదా!

సందర్శకుడు చూడవలసినవి

2016 నాటి నమూనా కారాగార నియమావళి ప్రకారం నిద్రించే హాలులో ఒక్కొక్క ఖైదీకి 3.71 చదరపు మీటర్ల స్థలం, అనగా సుమారు నలుబది చదరపు అడుగులు, ఉండవలెను. ఒక మంచం వేసి దాని పక్కన మసలుటకు అది సరిపోతుంది. సందర్శకుడు గది కొలతను, ఖైదీల సంఖ్యను కలిపి చూస్తే నియమం పాటింపబడుతున్నదో లేదో వెంటనే తేలుతుంది. అట్లే త్రాగునీరు ఎక్కడనుండి వస్తున్నదో, రాత్రివేళ మరుగుదొడ్డి వాడుకొను వీలున్నదో లేదో, వంటశాలలో తూకం సరిగా ఉన్నదో లేదో చూడవలెను. వైద్యుడు చివరిసారి ఎప్పుడు వచ్చినారో, జామీను మంజూరై కూడ బయటికి పోలేనివారు ఎందరో అడుగవలెను. పనుల కేటాయింపులో కులభేదం చూపుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పు చెప్పినది గనుక, పాకీపని ఎవరిచేత చేయిస్తున్నారో కూడ విచారింపవలెను.

ముందుగా కబురు పంపి చేసే సందర్శనంలో కనిపించేది కొత్త సున్నం మాత్రమే. కావున సందర్శనం అనుకోని వేళ జరుగవలెను. ఖైదీతో సిబ్బంది వినని చోట మాట్లాడవలెను. సందర్శకుల పుస్తకంలో వ్రాసిన ప్రతి లోపానికి ఎదురుగా, దానిని ఎప్పటికి సరిదిద్దినారో మరల వ్రాయబడవలెను. ఈ చివరి గడి ఖాళీగా ఉన్నంతకాలం సందర్శనం మర్యాద కొరకు చేసే పర్యటన మాత్రమే అవుతుంది.

ఒక ఆక్షేపణ

‘నీతిగా బ్రతికే పేదలకే కూడు, నీడ కరవైనప్పుడు ఖైదీలకు సౌకర్యాలెందుకు?’ అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయితే బయటి పేదవాడు దప్పికైతే మరొక బావికి పోగలడు, జబ్బు చేస్తే మరొక ఆసుపత్రికి పోగలడు. ఖైదీకి ఆ వీలును ప్రభుత్వమే తొలగించినది. కనుక అతని నీటికి, వైద్యానికి ప్రభుత్వమే జవాబుదారి. అంతేగాక, జబ్బుతోను, పగతోను బయటికి వచ్చేవాడు తిరిగి చేరేది మన వీధికే. సిబ్బంది కష్టాన్ని కూడ మరువరాదు. ఇద్దరి పని ఒక్కరు చేయవలసివచ్చే చోట ఆ కొరతను పై అధికారులకు తెలిపేది కూడ సందర్శకుని నివేదికయే.

విద్యార్థుల కర్తవ్యం

విద్యార్థులు చేయగల పనులు లేకపోలేదు. న్యాయసేవాధికార సంస్థల ద్వారా పారాలీగల్ వాలంటీర్లుగా శిక్షణ పొందవచ్చును. ఉచిత న్యాయసహాయానికి 15100 అనే ఫోను నంబరు ఉన్నదని తమ వీధిలోని కుటుంబాలకు తెలుపవచ్చును. ఉర్దూ మాత్రమే చదువగల తల్లికి తెలుగు కాగితాన్ని, తెలుగు మాత్రమే వచ్చిన తండ్రికి ఆంగ్ల ఉత్తరువును చదివి వినిపించవచ్చును. రెండు భాషలు నేర్చిన మన విద్యార్థులకు ఈ సేవ సహజంగా తగినది. కళాశాల కమిటీవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించి, అనుమతితో సబ్‌జైలుకు పుస్తకాలు అందించే ఏర్పాటు చేసినచో అది మంచి ఆరంభం కాగలదు.

సబ్‌జైలు గోడ ఎత్తయినదే. అది ఖైదీ పారిపోకుండ కట్టినది. మన చూపును ఆపుటకు కట్టినది కాదు. ఆ తేడాను గుర్తించిన పౌరులు ప్రతి ఊరిలో కొందరైనా ఉన్నప్పుడు చట్టం చెప్పినది గోడకు లోపల కూడ అమలు జరుగుతుంది.