చలికాలానికి ముందు ఇల్లు సర్దుకోవడం – రోగి ఉన్న ఇంటివారికి

దీపావళి వెళ్ళి కార్తీకం వచ్చేసరికి మన కోనసీమలో ఉత్తరపు గాలి మొదలవుతుంది. మన చలి పెద్ద చలి కాదు. సంక్రాంతి రోజుల్లో కూడా రాత్రిపూట సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అయినా నవంబరు నుంచి జనవరి వరకు ఆయాసంతో వచ్చే పెద్దవాళ్ళు, డొక్కలెగరేస్తూ వచ్చే పసిపిల్లలు మా వార్డులో ఎక్కువవుతారు. దీనికి చలి ఒక్కటే కారణం కాదు. చలికి భయపడి ఇంటిని బిగించేస్తాం, ఆ బిగించిన ఇంట్లోనే నిప్పు పెడతాం. గోడల చెమ్మ ఉండనే ఉంది. మీ మనిషిని డిశ్చార్జి చేయించుకుని వెళ్ళేలోగా ఇంట్లో ఒకరు ఈ పనులు చూసుకుంటే మంచిది.

ముందు చెమ్మ సంగతి

గోదావరి పాయల మధ్య, కాలువల మధ్య ఉన్న నేల మనది. కొంచెం తవ్వితేనే నీరు ఊరుతుంది. అక్టోబరు, నవంబరు నెలలలో ముసురు పట్టిందంటే గోడ కింది భాగం ఆరదు. పెంకుటిల్లయితే పగిలిన పెంకులు వాయుగుండం కబురు రాకముందే మార్పించండి. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

గోడమీద నల్లటి బూజు కనిపిస్తే పొడి చీపురుతో దులపవద్దు. ఆ పొడి గాలిలో లేచి ఆయాసం ఉన్నవారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోగిని వేరే గదిలో ఉంచి, సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, గది ఆరిన తరువాత తీసుకురండి. మంచం గోడకు జానెడు ఎడంగా ఉండాలి. కింద పడుకోబెట్టవద్దు. పాతకాలపు నులకమంచం అయినా సరే, దానిమీద రెండు బొంతలు పరిస్తే చాలు, కింది నుంచి చెమ్మ తగలదు. కొత్త ధాన్యం బస్తాలు, గడ్డి రోగి పడుకునే గదిలో పెట్టకండి. ఆ నూగు ఉబ్బసానికి బద్ధశత్రువు.

పెట్టెలోంచి తీసిన దుప్పట్లు, స్వెట్టర్లు అలాగే కప్పకండి. ముఖ్యంగా కలరా ఉండలు వేసి దాచిన బట్టలు పసిపిల్లకు వేయకూడదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అటువంటివారికి ఆ ఉండల వాసన వల్లనే ఎర్ర రక్తకణాలు చితికిపోయి పచ్చకామెర్లు రావచ్చు. పాపకు ఆ లోపం ఉన్నదీ లేనిదీ చూసి చెప్పలేం. అందుచేత పిల్లల బట్టల్లో కలరా ఉండలు అసలు వేయవద్దు. పెద్దవాళ్ళ దుప్పట్లు మాత్రం ఉతికి రెండు రోజులు ఎండలో వేసి వాడుకోవచ్చు.

ఇంకొక మాట. క్రిస్మస్‌కో సంక్రాంతికో ఇంటికి రంగులు వేయించడం మన వాడుక. ఆయాసం రోగి ఇంట్లో ఉండగా ఆ పని పెట్టుకోకండి. తప్పకపోతే ఆ వాసన పోయేవరకు వారిని బంధువుల ఇంట ఉంచండి. పండగకు ఇల్లు మెరవాలని ఉంటుంది, మాకూ తెలుసు.

పొగ, కుంపటి

1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి గ్యాసు పొయ్యి చాలా ఇళ్ళకు చేరింది. అయినా వేడినీళ్ళకు కొబ్బరి మట్టలు, చిప్పలు, పీచు కాలుస్తూనే ఉన్నాం. ఆ నీళ్ళపొయ్యి రోగి గది కిటికీ కింద ఉంటే మరొక మూలకు మార్చండి. దోమల చుట్ట సంగతి కూడా వినండి. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని 2003లో ఒక పరిశోధనలో తేలింది. సిగరెట్టు ముట్టని మనిషి ఆయాసంతో వచ్చి "నాకెందుకొచ్చిందండీ" అంటుంటే ఈ లెక్క గుర్తుకొస్తుంది. దోమతెర కట్టండి.

వీటన్నిటికన్నా ప్రమాదం మూసిన గదిలో కుంపటి. బొగ్గు ఎర్రగా రాజుకున్నాక పొగ కనిపించదు కనుక భయం లేదనుకుంటాం. కాని అప్పుడు కూడా దానినుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కన్నా దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తరువాత మగత. నిద్రలో ఉన్నవారికి ఆ మగత తెలియనే తెలియదు.

ఒక డిసెంబరులో లంక గ్రామం నుంచి ఒక బాలింతను, ఆమె తల్లిని, తొమ్మిది రోజుల పాపను తెల్లవారుజామున తీసుకువచ్చారు. పెద్దవాళ్ళిద్దరికీ తలనొప్పి, వాంతులు. రాత్రి తిన్నది పడలేదనుకున్నారు. అదే కూర తిన్న మగవాళ్ళు వసారాలో పడుకుని బాగానే ఉన్నారు. అడిగితే, గదిలో కుంపటి పెట్టి తలుపు సందుల్లో గుడ్డలు కుక్కామన్నారు. ఆక్సిజన్ పెట్టాక ముగ్గురూ కోలుకున్నారు. అప్పుడు ఆ మామ్మగారు, "తలుపు తీసేస్తే పిల్లకి శీతలం చేసెయ్యదాండీ సిస్టరుగారూ?" అని అడిగారు.

న్యాయమైన ప్రశ్న. పసిపిల్లకు వెచ్చదనం కావలసిందే. ఒంటి వేడి 36.5 డిగ్రీల కంటే తగ్గకూడదు. అయితే ఆ వేడి తల్లి ఒంట్లో ఉంది. పాపకు టోపీ, మేజోళ్ళు, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పండి. ముక్కు, నోరు బయటికి కనిపిస్తూ ఉండాలి. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక వైద్యులు ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పుడు తక్కువ బరువు పిల్లలకు ప్రపంచమంతటా ఇదే చెబుతున్నారు. తండ్రి గాని అమ్మమ్మ గాని కూడా ఇలా పెట్టుకోవచ్చు. పాప పాదం, పొట్ట ముట్టుకుని చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పాదం చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి వేస్తోందని అర్థం. రెండూ చల్లబడితే రొమ్ముకు హత్తుకుని వెంటనే బయలుదేరండి. స్నానం తరువాత సాంబ్రాణి ధూపం పట్టడం మానండి. తల పొడి గుడ్డతో ఒత్తితే ఆరుతుంది.

కిటికీలు పగలు పది నుంచి నాలుగు వరకు బార్లా తీయండి, ఎండ పడనివ్వండి. రాత్రి ఉత్తరపు వైపు మూసి, మరో వైపుది బెత్తెడు తెరిచి ఉంచండి.

పెద్దవాళ్ళకు

షుగరు ఉన్నవారు పాదాలు నిప్పు దగ్గర కాచుకోకూడదు, వేడినీళ్ళ సంచి పెట్టుకోకూడదు. వారికి స్పర్శ తగ్గి ఉంటుంది. కాలినా తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. వదులైన మేజోళ్ళు వేస్తే సరిపోతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది కాబట్టి గుండె జబ్బు ఉన్నవారు తెల్లవారుజామున చన్నీటి స్నానం చేయరాదు. ఎండ వచ్చాక గోరువెచ్చని నీళ్ళతో చేయించండి. భోగిమంట దగ్గరకు ఆయాసం రోగిని తీసుకువెళ్ళవద్దు. టైర్లు వేసే మంటకు ఎవరూ వెళ్ళకపోవడం మేలు.

తుఫాను వస్తే రోడ్డు తెగవచ్చు, రేవు ఆగవచ్చు, కరెంటు పోవచ్చు. అందుకని ఇన్‌హేలరు, బి.పి., షుగరు మందులు ఎప్పుడూ పదిహేను రోజులకు సరిపడా డబ్బాలో పెట్టి, పెంకు కారని చోట ఉంచండి. ఇంట్లో ఆక్సిజన్ వాడే రోగి ఉంటే ఆ గదిలో దీపం, కొవ్వొత్తి, అగరువత్తి ఏదీ వెలిగించరాదు.

పాప నిదానంగా ఉన్నప్పుడు గడియారం పట్టుకుని ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పిల్లకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, ఆ పైన ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగవద్దు. పెద్దవాళ్ళకయితే మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలిబడటం, మగత గుర్తులు. 108కి ఫోను చేయండి. బయలుదేరేటప్పుడు వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోండి.