“టీచరు పనంత సుఖం లేదు” అంటున్నారు. చెల్లెలికి నేనేం చెప్పాలి?



మాది కర్ణాటకలోని పావగడ. తాలూకాలోనే, నాగలమడికె పక్క ఒక పల్లెలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరుగా ఉన్నాను. ఐదో తరగతి వరకే ఉన్న కన్నడ బడి. నేను, తాత్కాలికంగా పనిచేసే ఒక అతిథి శిక్షకి, ముప్పైమందికి పైగా పిల్లలు. హెడ్మాస్టరు ఇన్‌ఛార్జి కూడా నాకే ఇచ్చారు.

ఉత్తరం రాస్తున్నది నా గురించి కాదు, మా చెల్లెలి గురించి. సెకండ్ పీయూసీ పాసయింది. డీఎడ్ చేస్తానని పట్టుపట్టి కూర్చుంది. మా నాయనకు ఆనందం పట్టడంలేదు. “ఆడపిల్లకు టీచరు పనంత సుఖం ఇంకోటి లేదు. పొద్దున పోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. దసరాకు సెలవులు, ఎండాకాలం సెలవులు. వాళ్లక్కను చూడండి” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్తా ఉన్నాడు. ఆ మాట వింటే నాకు అన్నం సయించదు.

నా రోజు ఎట్లుంటుందో వాళ్లకు తెలీదు. బస్సు దిగి, సోలార్ పలకల పక్కన నడుచుకుంటూ బడికి పోయేసరికి పాలు కాగుతా ఉంటాయి. ఎంతమంది వచ్చారో లెక్కేసి బియ్యం, బేడలు కొలిపించాలి. గుడ్లు ఎన్ని, గుడ్డు తిననివాళ్లకు అరటిపండ్లు ఎన్ని, అన్నీ రాయాలి. పిల్లలకంటే ముందు నేను రుచి చూసి సంతకం పెట్టాలి. గుడ్డుకు ఇచ్చేది 6 రూపాయలు. కొనేదీ, ఉడకేసేదీ, పెంకు తీసేదీ అన్నీ అందులోనే. అంగట్లో ధర పెరిగితే మిగతాది నా పర్సులోనుంచే పోతుంది.

ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో, కార్డులతో నేర్పే నలి-కలి పద్ధతి. ఒక గుంపుకు కార్డు ఇచ్చి ఇంకో గుంపు దగ్గర కూర్చునే లోపల ఫోన్ మోగుతుంది. పన్నెండు లోపల బూట్ల సైజులు పంపాలి. పిల్లల వివరాలుండే స్యాట్స్‌ పోర్టల్‌లో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒకటి కాలేదు, సరిచేయాలి. మళ్లీ చూస్తే రెండో తరగతి పిల్లోడు కార్డు పక్కన పెట్టి కిటికీలోనుంచి మేకల్ని చూస్తా ఉంటాడు. 2025 దసరా సెలవుల్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేశాం. యాప్ తెరుచుకోక, నెట్‌వర్కు కోసం ఎవరి మిద్దెనో ఎక్కి నిలబడ్డాను. ఆ సెలవుల్నే మా నాయన సుఖం అంటున్నాడు.

ఇంకొకటి ఉంది. మా పిల్లలందరి ఇళ్లల్లో తెలుగే. ఒకటో తరగతికి కొత్తగా వచ్చిన ఒక బాబు వారాల తరబడి నోరు విప్పలేదు. ఒకరోజు నా కొంగు పట్టుకుని లాగి, “మిస్, మా మేక ఈనింది” అన్నాడు. ఎన్ని పిల్లలు, ఏం రంగు అని నేనూ తెలుగులోనే అడిగాను. వాడు అందరి ముందర నిలబడి చెప్పిందే చెప్తా ఉంటే తనిఖీకి వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి విన్నాడు. “మీరే తెలుగు మాట్లాడితే వీళ్లకు కన్నడ ఎట్లొస్తుంది?” అన్నాడు. అప్పటినుంచి తెలుగులో ఒక మాట అనాలన్నా ముందు గుమ్మం వైపు చూస్తున్నాను.

ఇవన్నీ చెల్లెలికి చెప్తే, “నీకు ఉద్యోగం వచ్చేసింది కాబట్టి దాన్ని వద్దంటున్నావు” అంటుంది అమ్మ. చెప్పకపోతే రేపు అదే వచ్చి “తెలిసీ ఎందుకు చెప్పలేదక్కా?” అంటే నా దగ్గర జవాబు లేదు. ఇన్ని బాధలు రాశాను కదా, నాకేమో ఈ పని వదలాలని లేదు. ఎందుకో చెప్పలేకున్నాను.

— ఒక టీచరు, పావగడ తాలూకా

అమ్మా,

చెల్లెలికి చెప్పండి. మేక ఈనిన సంగతితో సహా అన్నీ చెప్పండి.

మీ ఉత్తరంలో పిల్లల మీద విసుగు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఒక్క వాక్యం కూడా లేదు. పాఠం చెప్పలేకున్నానన్న మాటా లేదు. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది లెక్కలు, ఫోన్లు, పర్సులోనుంచి పోయే చిల్లర, గుమ్మం దగ్గర విన్న ఆ మాట. ఎందుకు వదల్లేకున్నానో తెలీదన్నారు. వారాల తరబడి మాట్లాడని బిడ్డ మీ కొంగు పట్టుకుని మాట్లాడాడు కదా, అందుకే. హిందూపురం పక్క పల్లెల్లో చాలా ఏళ్లు ఒకటో తరగతికే పాఠం చెప్పినదాన్ని నేను. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల ఒకరోజు వంటగదిలో బియ్యం బస్తా మీద రాసింది గబుక్కున చదివేస్తుంది, చదివానని తనకే తెలియకుండా. అది ఒకసారి కళ్లారా చూసినవాళ్లు ఈ పనిని అంత సులభంగా వదలరు.

మీ నాయనగారు ప్రేమతోనే అంటున్నారు. కానీ “సుఖమైన ఉద్యోగం” అన్న ఆ పేరే టీచర్లకు చాలా చేటు చేసింది. సుఖంగా ఉన్నారనుకున్నవాళ్ల నెత్తినే కదా మిగతా పనులన్నీ పడేది! 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప చదువుతో సంబంధం లేని ఇంకే పనికీ టీచర్లను వాడకూడదంటుంది.  మీ చెల్లెలు ఎప్పుడు చేరినా ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎదురవుతూనే ఉంటుంది. ఆ సంగతి ముందే తెలిసి వస్తే కుంగిపోదు.

గుడ్ల డబ్బు విషయం మటుకు మీరు ఒంటరిగా మోయొద్దు. వచ్చే ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితి) సమావేశంలో లెక్క ముందర పెట్టండి. ప్రభుత్వం ఇచ్చింది ఎంత, అంగడి ధర ఎంత, తేడా ఎంత అని తీర్మానాల పుస్తకంలో రాయించండి. మీ క్లస్టర్ బడులు చూసే సీఆర్‌పీకి కాపీ ఇవ్వండి. వెంటనే డబ్బు రాకపోవచ్చు. పర్సులోనుంచి చడీచప్పుడు లేకుండా పోయే డబ్బు ఎవరి లెక్కలోకీ రాదు, కాగితం మీదికెక్కితే అడగడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

ఇక భాష. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే అనిపిస్తోంది. పావగడకు మూడు వైపులా ఆంధ్రే. అక్కడి పిల్లలు తెలుగుతో బడికి రావడం వాళ్ల లోపం కాదు, మీ లోపం అసలే కాదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్తుంది; 1956లో చేర్చారు దాన్ని. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. కన్నడ బడిలో కన్నడ నేర్పడమే మీ పని, అందులో సందేహం లేదు. ఆ కన్నడ దగ్గరికి ఈ పిల్లల్ని చేర్చే దారి తెలుగులోనుంచే పోతుంది.

మీకు తెలిసిందే చెప్తున్నాను. గోడ మీద ఏనుగు బొమ్మ చూపించి మొదటి అక్షరం చెప్పమంటే మీ పిల్లవాడు “ఏ” అంటాడు. చార్టులో ఉండేది “ఆ”. వాడు తప్పు చెప్పలేదు, తనకు తెలిసిన జంతువు పేరులో మొదటి అక్షరం సరిగ్గానే పట్టుకున్నాడు. తెలుగు రాని టీచరుకు అది తప్పుగా కనబడుతుంది. మీకు వాడి బుర్ర ఎంత చక్కగా పనిచేస్తోందో కనబడుతుంది. ముందు “ఏనుగే, భలే చెప్పావు” అని, ఆ తర్వాత కన్నడంలో దాన్ని ‘ఆనె’ అంటారని చెప్పగలిగేది మీరే. మొదటి కొన్ని నెలలు కథ తెలుగులో చెప్పండి, అదే కథ మర్నాడు కన్నడంలో చెప్పండి. సంగతి ముందే తెలుసు కాబట్టి పిల్లల చెవి కొత్త మాటల మీద నిలబడుతుంది. మూడో తరగతికి వచ్చేసరికి తెలుగు వాడకం దానంతట అదే తగ్గుతుంది.

గుమ్మంలో విన్న ఆ మాటకు జవాబుగా మీ తరగతిలో చప్పరానికి వేలాడే పిల్లల పనులు, పాఠాల మెట్లు చూపే నిచ్చెన, గుంపుల తట్టెలు, కార్డుల సంగతీ ఒకటి చెప్పాలి. నలి-కలి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో మొదలైంది. దానికి ముందు అక్కడి టీచర్లు మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీకి వెళ్లి, చుట్టుపక్కల పల్లె బడుల్లో కార్డులతో పిల్లలు ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకోవడం చూసొచ్చారు. ఆ పల్లె బడుల కార్డులు తెలుగులోవి. టీచర్లే కూర్చుని వాటిని కన్నడ పిల్లలకు తగ్గట్టు మలుచుకున్నారు, ర గ స ద అ అని అక్షరాల వరసతో సహా. ఈసారి ఎవరైనా గుమ్మంలో నిలబడితే నెమ్మదిగా ఈ సంగతి చెప్పండి. తర్వాత ఆ బాబు చేతికే కన్నడ కార్డు ఇచ్చి చదివించండి. గుమ్మం వైపు చూడడం మానేయండి. మీరు అటు చూసిన ప్రతిసారీ పిల్లలు కూడా అటే చూస్తారు, వాళ్ల ఇంటి మాట దాచుకోవలసినదని నేర్చుకుంటారు.

చెల్లెలి విషయానికి వస్తాను. తనకు ముందుగా తెలియాల్సింది ఎదురుచూపు సంగతి. డీఎడ్ రెండేళ్లు. ఆపైన టెట్, ఆపైన నియామక పరీక్ష, అది ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఐదో తరగతి వరకు చెప్పడానికి బీఎడ్ చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చిన్నపిల్లల దగ్గరే పనిచేయాలన్నది తన కోరిక అయితే డీఎడ్ సరైన దారే. ఈ లోపల అతిథి శిక్షకిగా చేరితే చేతికొచ్చేది పదో పన్నెండో వేలు, అదీ బడి నడిచే నెలల్లోనే. మీ పక్క గదిలో ఉన్న అమ్మాయినే అడగమనండి, నాకన్నా బాగా చెప్తుంది.

మాటలతో మటుకు ఒప్పించబోకండి. వద్దన్నా, రమ్మన్నా మీ అమ్మగారికి అనుమానమే వస్తుంది. ఎస్‌డీఎంసీ అధ్యక్షులకు చెప్పి చెల్లెల్ని ఒక వారం బడికి తీసుకెళ్లండి. పంద్రాగస్టు నాడో, ప్రతిభా కారంజి పోటీల నాడో కాదు, మామూలు వారం. బడి తెరిచిన కొత్తలో, ఒకటో తరగతి పిల్లలు ఏడ్చే రోజుల్లో అయితే ఇంకా మంచిది. ఒక గుంపుతో చాప మీద కూర్చోమనండి. కథ చెప్పమనండి. మధ్యాహ్నం గుడ్లు లెక్కపెట్టమనండి. రాత్రి ఇంట్లో మీరు స్యాట్స్ నింపేటప్పుడు పక్కన కూర్చోమనండి. అప్పుడు మీ నాయనగారు కూడా ఆ గదిలోనే ఉండేటట్టు చూసుకోండి.

వారం తర్వాత కూడా చేస్తానంటే ఇంక భయపెట్టొద్దు, అప్లికేషన్ మీరే నింపించండి. వద్దనుకుంటే, ఆ మాట నాయనకు చెప్పే పని ఆ పిల్ల మీద వదిలేయకుండా మీరే పక్కన కూర్చుని చెప్పండి.